ప్రింటర్ పక్కన దొరికిన నాలుగు కాగితాలు

పొద్దున ఏడున్నరకి గుమాస్తా గారి ఫోన్. "అమ్మా, బిల్లుల ప్రింటర్‌కి ఏదో అయింది. రాత్రి ఎవరూ లేనప్పుడు దానంతటదే నాలుగు కాగితాలు కొట్టింది. అన్నీ ఏవో ఇంగ్లీషు ముక్కలు. పారేయమంటావా?" అని అడిగారు. "పారేయొద్దు బాబాయి గారూ, అలాగే ఉంచండి, వస్తున్నా" అన్నాను.

మాది గుంటూరు. చిన్న చిన్న సంస్థలకి నెట్‌వర్క్ పనులు చూస్తుంటాను. గుమాస్తా గారు పనిచేసే ఈ కోల్డ్ స్టోరేజీ మిర్చి యార్డుకి దగ్గర్లోనే ఉంటుంది. మార్చి నెల కావడంతో గేటు బయట మిర్చి టిక్కీల (బస్తాల) లారీలు బారులు తీరి ఉన్నాయి. వేబ్రిడ్జి మీద కాటా పడాలి, స్లిప్పు రావాలి, సరుకు ఏ ఛాంబర్‌లో ఏ వరసలోకి వెళ్లిందో కంప్యూటర్‌లో ఎక్కాలి. ఆ లెక్క పోయిందంటే ఏ రైతు టిక్కీలు ఎక్కడున్నాయో చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే సీజన్ మొదలైన దగ్గర్నుంచి అక్కడి సర్వర్ మీద నా ధ్యాస ఉంటూనే ఉంటుంది.

నేను వెళ్లేసరికి గుమాస్తా గారు ఆ కాగితాల మీద పేపర్‌వెయిట్ పెట్టి ఉంచారు. నాలుగు ఏ4 కాగితాలు. ప్రతిదానికీ పైన ఎడమ మూల ఒకే ఒక లైను, మిగతాదంతా ఖాళీ. మొదటిదాని మీద గెట్, ఒక స్లాష్, హెచ్‌టీటీపీ 1.0. రెండోదాని మీద ఆప్షన్స్, స్లాష్, హెచ్‌టీటీపీ 1.0. మూడోది కూడా ఆప్షన్సే, కానీ చివర ఆర్‌టీఎస్‌పీ 1.0. నాలుగోదాని మీద ఒకటే మాట, హెల్ప్.

వాటిని చూడగానే నా గుండె ఝల్లుమంది. ప్రింటర్ బాగానే ఉంది. రాత్రి ఎవరో ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి యంత్రాన్నీ తట్టి చూశారు. ప్రింటర్ దగ్గరికి కూడా వచ్చారు.

నెట్‌వర్క్ ప్రింటర్లలో చాలావాటికి 9100 అనే పోర్టు (యంత్రానికి ఉండే నంబరు వేసిన తలుపు లాంటిది) తెరిచి ఉంటుంది. ఆ పోర్టుకి ఏది పంపితే అది అచ్చేస్తుంది, నువ్వెవరు అని అడగదు. స్కాన్ చేసేవాడు, అంటే తెరిచి ఉన్న పోర్టుల కోసం వెతికేవాడు, ఒక పోర్టు తెరిచి ఉందని తెలుసుకున్నాక, దాని వెనక ఏముందో కనుక్కోవడానికి రకరకాల పలకరింపులు పంపుతాడు. వెబ్ సర్వర్ అయితే గెట్ అనగానే జవాబిస్తుంది, కెమెరా అయితే ఆర్‌టీఎస్‌పీకి పలుకుతుంది, పాతకాలం సర్వీసులు కొన్ని హెల్ప్ అంటే ఏదో ఒకటి చెబుతాయి. ప్రింటర్ మాత్రం ఆ పలకరింపుల్నే కాగితం మీద దించేస్తుంది. ఈ సంగతి తెలిసే ఎన్‌మ్యాప్ అనే స్కానింగ్ టూల్ తయారు చేసినవాళ్లు, వెర్షన్ కనుక్కునే స్కాన్‌లో 9100 నుంచి 9107 దాకా ఉన్న పోర్టుల్ని మామూలుగా వదిలేసేలా పెట్టారు. మిగతా టూల్స్ అన్నీ అంత మర్యాద పాటించవు.

రౌటర్‌లో ప్రింటర్‌కి బయటి నుంచి దారి లేదు. అది నేనే పెట్టాను కాబట్టి నాకు ఖాయంగా తెలుసు. అంటే తట్టినవాడు లోపలే ఉన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి, పోర్ట్ స్కాన్ అంటే అసలు ఏం జరుగుతుందో చెబుతాను. నెట్‌వర్క్‌లో యంత్రాలు మాట్లాడుకునే పద్ధతి టీసీపీ, అందులో పోర్టు నంబర్లు 65,535 వరకు ఉంటాయి. వాటిలో ఏదో ఒకదాని వెనక ఒక ప్రోగ్రామ్ కూర్చుని ఎవరైనా పిలుస్తారేమోనని వింటూ ఉంటుంది. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌కి 22, వెబ్‌కి 80, 443, విండోస్ ఫైల్ షేరింగ్‌కి 445, రిమోట్ డెస్క్‌టాప్‌కి 3389, ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌కి 1433. మాట్లాడాలనుకున్నవాళ్లు ముందు ఎస్‌వైఎన్ అనే గుర్తున్న ప్యాకెట్ పంపుతారు. పోర్టు తెరిచి ఉంటే అవతలి నుంచి ఎస్‌వైఎన్-ఏసీకే వస్తుంది. మూసి ఉంటే ఆర్‌ఎస్‌టీ వస్తుంది. మధ్యలో కాపలా కాసే ఫైర్‌వాల్ ఉండి మింగేస్తే ఏ జవాబూ రాదు. స్కాన్ అంటే ఈ మూడు రకాల జవాబుల్ని పోర్టు వెంట పోర్టు, యంత్రం వెంట యంత్రం రాసుకుంటూ పోవడమే. కొందరు ఎస్‌వైఎన్-ఏసీకే రాగానే కనెక్షన్ పూర్తి చేయకుండా తెంచేస్తారు. దాన్ని హాఫ్-ఓపెన్ స్కాన్ అంటారు. కనెక్షన్ పూర్తి కాదు కాబట్టి వెనకున్న ప్రోగ్రామ్ దాకా సంగతి వెళ్లదు, దాని లాగ్‌లో (జరిగినవన్నీ రాసుకునే చిట్టాలో) ఏమీ పడదు. ఫైర్‌వాల్ లాగ్‌లోనో, ప్యాకెట్లు పట్టి చూస్తేనో మాత్రమే దొరుకుతుంది. చాలామంది వెబ్ సర్వర్ లాగ్ ఒక్కటి చూసి అంతా ప్రశాంతంగా ఉందనుకోవడం నేను చాలాసార్లు చూశాను. నా బాధంతా అక్కడే.

సరే, మళ్లీ ఆ పొద్దుటికి వద్దాం.

విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా ఆపేసిన ప్యాకెట్ల లాగ్ రాయదు. మనమే వెళ్లి ఆన్ చేయాలి. ఆ కంప్యూటర్లలో ఎవరూ చేయలేదు. రౌటర్ చవకది, కరెంటు పోయి వస్తే దాని లాగ్ తుడిచిపెట్టుకుపోతుంది. కానీ ఛాంబర్లలో ఉష్ణోగ్రతలు రాసుకోవడానికి రెండేళ్ల క్రితం నేను పెట్టిన రాస్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ ఒకటి గోడకి ఉంది. దానిలో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆన్ చేసి, అవసరమైన రెండు పోర్టులు తప్ప అన్నీ మూశాను. ఆపేసిన ప్యాకెట్లని అది లాగ్‌లో రాస్తుంది. నిచ్చెన పక్కన స్టూలు వేసుకుని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని దాని లాగ్ తెరిచాను.

2 గంటల 14 నిమిషాలకి మొదలు. బ్లాక్ అనే మాట, దాని తర్వాత ఎస్‌ఆర్‌సీ (పంపినవాడు) దగ్గర 192.168.1.23, డీఎస్‌టీ (చేరాల్సిన చోటు) దగ్గర ఆ బుల్లి కంప్యూటర్ చిరునామా. డీపీటీ అంటే ఏ పోర్టుకి వచ్చిందనేది. అది మాత్రం లైను లైనుకీ మారుతోంది. 23, 445, 3389, 5900, 554, 8080, 3306. అన్నీ ఒకే సెకను లోపల. ఇలా పది లైన్లు గబగబా పడి, ఆ తర్వాత నిమిషానికి మూడు చొప్పున ఒక నాలుగైదు నిమిషాలు సాగాయి.

ఇది చూసి తట్టింది పది పదిహేను పోర్టులే అనుకునే ప్రమాదం ఉంది. యూఎఫ్‌డబ్ల్యూ లాగ్ నిండిపోకుండా ఒక పరిమితి పెట్టుకుంటుంది. మొదట ఒక్కసారిగా 10 లైన్లు, ఆ తర్వాత నిమిషానికి 3. మిగతావి ఆపేస్తుంది కానీ రాయదు. కాబట్టి లాగ్‌లో కనిపించేది చెరువులోంచి తీసిన చెంబెడు నీళ్లు మాత్రమే. మొదటి పది లైన్లు ఎంత వేగంగా పడ్డాయో చూసి మిగతాది ఊహించుకోవాలి.

నిజం చెప్పాలంటే లాగ్ తెరవకముందు నా అనుమానం కెమెరాల రికార్డింగ్ పెట్టె, డీవీఆర్ మీద. కెమెరాల డీవీఆర్‌లకి ఆ చరిత్ర ఉంది. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (దొంగల చేతికి చిక్కిన పరికరాల గుంపు) వచ్చినప్పుడు ప్రపంచవ్యాప్తంగా కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లే దానికి కాళ్లూ చేతులూ అయ్యాయి. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చని పరికరాల కోసం అది 23, 2323 టెల్‌నెట్ పోర్టుల్ని తడుతూ తిరిగేది. దొరికిన ప్రతి పరికరమూ మళ్లీ స్కాన్ మొదలుపెట్టేది. ఆ ఏడాది అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ (వెబ్‌సైట్ల పేర్లకి చిరునామాలు చెప్పేది) మీద జరిగిన దాడితో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. అందుకని డీవీఆర్ వైరు పీకేయబోయాను. కానీ లాగ్ లైన్లో ఇంకో రెండు అంకెలు ఉంటాయి, టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో), విండో (పంపినవాడు ఒకసారికి ఎంత డేటా అందుకోగలడో). ఇక్కడ టీటీఎల్ 128, విండో 64240.

ఆ రెండు అంకెలూ డీవీఆర్‌ని నిర్దోషి అని తేల్చేశాయి. లినక్స్ మీద నడిచే పరికరాలు టీటీఎల్‌ని సాధారణంగా 64 దగ్గర మొదలుపెడతాయి, విండోస్ 128 దగ్గర మొదలుపెడుతుంది. ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఆ అంకె ఒకటి తగ్గుతుంది. తగ్గకుండా 128గానే వచ్చిందంటే, అదే నెట్‌వర్క్‌లో ఉన్న విండోస్ యంత్రం. విండో 64240 కూడా ఈ కాలపు విండోస్ కనెక్షన్ మొదలుపెట్టేటప్పుడు చెప్పే అంకె. ఎన్‌మ్యాప్‌తో చేసే హాఫ్-ఓపెన్ స్కాన్‌లో అయితే ఆ చోట 1024 కనిపిస్తుంది. ఇవి వేలిముద్రలంత గట్టివి కావు, కావాలంటే మార్చుకోవచ్చు. అయినా చాలామంది మార్చరు.

192.168.1.23 ఎవరని రౌటర్‌లో డీహెచ్‌సీపీ పట్టిక (ఏ యంత్రానికి ఏ చిరునామా ఇచ్చిందో రాసుకునేది) చూస్తే ఎకౌంట్స్ గదిలో కంప్యూటర్. రాత్రిళ్లు కూడా ఆన్‌లోనే ఉంచుతారట. ఎందుకని అడిగితే గుమాస్తా గారు, "సాఫ్ట్‌వేర్ వాళ్లు రాత్రిపూట వాళ్ల ఊరి నుంచే రిపేర్లు చేస్తారమ్మా, ఆపొద్దన్నారు" అన్నారు.

ముందు లాన్ వైరు పీకాను, పవర్ మాత్రం ఆపలేదు. ఆపితే మెమరీలో ఉన్నవన్నీ పోతాయి, ఏం నడుస్తోందో చూసే అవకాశం పోతుంది. తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్ చూశాను. 4625 అంటే లాగిన్ విఫలం. అవి పేజీల కొద్దీ ఉన్నాయి. అడ్మిన్, అడ్మినిస్ట్రేటర్, యూజర్, టెస్ట్, స్కానర్ ఇలా పేర్లు మారుస్తూ, సెకన్ల తేడాతో. ఆ లాగ్ సైజు మామూలుగా 20 ఎంబీ. నిండితే పాతవి పోయి కొత్తవి వస్తాయి. ఈ విఫల ప్రయత్నాలతోనే అది నిండిపోయి, రెండు రోజుల వెనక్కి మించి ఏమీ మిగల్లేదు. వాటి మధ్యలో, 1 గంట 51 నిమిషాలకి, ఒక 4624. అంటే లాగిన్ అయింది. లాగాన్ టైప్ 10, రిమోట్ డెస్క్‌టాప్. వచ్చిన చిరునామా దేశం బయటిది.

వాడు లోపలికొచ్చిన 23 నిమిషాలకి స్కాన్ మొదలైంది.

మ్యూజిక్ ఫోల్డర్‌లో ఒక చిన్న స్కానింగ్ ప్రోగ్రామ్, దాని పక్కనే ఒక టెక్స్ట్ ఫైలు ఉన్నాయి. ఆ ఫైలు తెరిచిన క్షణం ఇప్పటికీ నాకు గుర్తుంది. మా నెట్‌వర్క్ మొత్తం అందులో ఉంది. 192.168.1.1 రౌటర్, 80 తెరిచి ఉంది. 192.168.1.10 సర్వర్, 445, 1433 తెరిచి ఉన్నాయి. 192.168.1.40 ప్రింటర్, 9100. డీవీఆర్. వేబ్రిడ్జి కంప్యూటర్. ఒక్కొక్క యంత్రం పేరు, దాని పక్కన తలుపుల నంబర్లు. నేను ఏళ్ల తరబడి పెట్టుకుంటూ వచ్చినదాన్ని వాడు నాలుగైదు నిమిషాల్లో జాబితా రాసుకున్నాడు. ఇలాంటి జాబితా తర్వాత వచ్చే అంకం ఏమిటో ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. బ్యాకప్‌లు వెతికి చెరిపేయడం, తర్వాత ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడగడం. సర్వర్ దగ్గరికి పరుగెత్తి, బ్యాకప్ డిస్కు ముందు బయటికి లాగేశాను. డేటా అంతా ఉంది. వాడు ఆ రాత్రి అక్కడితో ఆగాడు. మళ్లీ వద్దామనుకున్నాడో ఏమో.

రౌటర్‌లోకి వెళ్తే అసలు కారణం బయటపడింది. సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్లు 33890 అనే పోర్టుని బయటికి తెరిచి, లోపల 3389కి కలిపారు. 3389 నేరుగా తెరిస్తే ప్రమాదమని వాళ్లకి తెలుసు. నంబర్ మార్చేస్తే కనపడదనుకున్నారు. పోర్టు నంబరు మార్చడం వల్ల అల్లరి కొంత తగ్గుతుంది, అంతే. స్కానర్ నంబర్‌ని చూసి ఊరుకోదు, అవతల పలికేది రిమోట్ డెస్క్‌టాపా కాదా అని పలకరించి తెలుసుకుంటుంది. దానికి తోడు పాస్‌వర్డ్ సంస్థ పేరు, పక్కన 123. ఇక్కడ ఇంకో సంగతి. మన దగ్గర ఇళ్లకీ చిన్న ఆఫీసులకీ ఇచ్చే కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్‌కి కనిపించే చిరునామా) ఉండదు, పదుల మంది ఒకే చిరునామా వెనక ఉంటారు. బయటి స్కాన్ నేరుగా వాళ్లని తాకదు. వీళ్లు ఇంటి నుంచి కెమెరాలు చూడాలని స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత పబ్లిక్ ఐపీ, తీసుకున్నారు. దాంతో ఆ గోడ పోయింది. అది తీసుకున్న రోజున ఏం తెరిచి ఉందో ఎవరూ చూడలేదు. నన్ను పిలిచి ఉంటే బాగుండేదని ఆరోజు చాలా బాధపడ్డాను.

ఓనర్ గారు మొదట ఎవరికీ చెప్పొద్దన్నారు. పేరు బయటికొస్తే రైతులు సరుకు పెట్టడానికి జంకుతారని ఆయన భయం. ఆ భయం నాకు అర్థమైంది. అయినా సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాల్సిందేనని చెప్పాను. 2022 ఏప్రిల్ 28న వాళ్లు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటివి తెలిసిన 6 గంటల్లోపు చెప్పాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి. ముఖ్యమైన వ్యవస్థల మీద గురిపెట్టి చేసే స్కానింగ్ కూడా చెప్పాల్సిన వాటి జాబితాలో ఉంది, మొదటిదే అది. "ఇది మనం తప్పు చేశామని ఒప్పుకోవడం కాదండీ, దొంగ వచ్చాడని స్టేషన్‌లో చెప్పడం" అన్నాను. కాసేపు ఆలోచించి సరేనన్నారు. లాగ్‌ల నకళ్లు, ఆ టెక్స్ట్ ఫైలు, రౌటర్ సెట్టింగుల ఫొటోలు జతచేసి మెయిల్ పంపాం. ఎకౌంట్స్ కంప్యూటర్ మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించడానికి, అందరి పాస్‌వర్డులు మార్చడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ గుమాస్తా గారు బిల్లులన్నీ చేత్తో రాశారు, ఒక్క తప్పు లేకుండా.

ఇది జరిగాక చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "మా లాగ్‌లో కూడా రోజూ వందలమంది తడుతున్నట్టు ఉంటుంది, అయితే మా పని కూడా అయిపోయినట్టేనా?" కాదు. పబ్లిక్ ఐపీ ఉన్న ప్రతి యంత్రాన్నీ పగలూ రాత్రీ ఎవరో ఒకరు తడుతూనే ఉంటారు. నేను కొత్తగా వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దె సర్వర్) తీసుకున్న ప్రతిసారీ, టీ తాగి వచ్చేలోపు 22వ పోర్టు మీద ఎవరో ఒకరు లాగిన్ కోసం ప్రయత్నిస్తూ కనిపిస్తారు. వాళ్లకి నేనెవరో తెలియదు. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు జీమ్యాప్ అనే స్కానింగ్ టూల్ విడుదల చేశారు. మంచి గిగాబిట్ కనెక్షన్ ఉంటే ఐపీవీ4 ప్రపంచం (192.168.1.23 లాంటి నాలుగంకెల చిరునామాల ఇంటర్నెట్) మొత్తాన్ని ఒక పోర్టు మీద 45 నిమిషాల్లోపు తట్టి రావచ్చని చూపించారు. షోడాన్, సెన్సిస్, షాడోసర్వర్ లాంటి సంస్థలు ఇంటర్నెట్ అంతా స్కాన్ చేస్తున్నామని బహిరంగంగా చెప్పి మరీ చేస్తాయి. షాడోసర్వర్ అయితే ఏ నెట్‌వర్క్‌లో ఏది ప్రమాదకరంగా తెరిచి ఉందో ఆయా యజమానులకి ఉచితంగా నివేదికలు పంపుతుంది. అలాంటి చిరునామాలన్నిటినీ బ్లాక్ చేస్తూ కూర్చోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

నేను మొదట చూసేది ఎవరు తట్టారని కాదు, మన వైపు నుంచి ఏది పలికిందని. లినక్స్ అయితే ఎస్‌ఎస్ అనే కమాండ్‌తో, విండోస్ అయితే నెట్‌స్టాట్‌తో ఏ ప్రోగ్రామ్ ఏ పోర్టులో వింటోందో చూస్తాను. పక్కన 127.0.0.1 ఉంటే అది ఆ యంత్రం లోపలికే పరిమితం. 0.0.0.0 ఉంటే ఏ దారిన వచ్చినవాళ్లకైనా పలుకుతుంది. ఆ తర్వాత నా ఫోన్ హాట్‌స్పాట్‌కి లాప్‌టాప్ కలిపి, బయటి నుంచి నేనే స్కాన్ చేస్తాను. ఈ రెండు జాబితాలూ కలవకపోతే, తేడా ఎందుకొచ్చిందో తెలిసేదాకా నిద్రపోను. ఒకసారి ఒక డేటాబేస్ ఇలాగే దొరికింది. యూఎఫ్‌డబ్ల్యూలో మూసే ఉంది, బయటి నుంచి చూస్తే మాత్రం తెరిచి ఉంది. దాన్ని డాకర్‌లో (ప్రోగ్రామ్‌లని విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్‌లో) నడుపుతున్నారు. డాకర్ ఒక పోర్టుని బయటికి ప్రకటిస్తే, ఫైర్‌వాల్ నియమాల్లో తనదైన దారి వేసుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ మూసిందని చెప్పే మాట అక్కడ చెల్లదు. స్కాన్ చేయడానికి ముందు యజమాని నుంచి లెటర్‌ప్యాడ్ మీద అనుమతి రాయించుకుంటాను. మనది కాని నెట్‌వర్క్‌ని అనుమతి లేకుండా తట్టొద్దు.

బయటి అల్లరిలో కూడా చెవి రిక్కించాల్సినవి కొన్ని ఉంటాయి. ఒకే చిరునామా అనేక యంత్రాల్లో ఒకే పోర్టుని తడుతూ పోతుంటే అది ఊరంతా తిరిగే పురుగు, అంటే తనంతట తనే పాకే వైరస్ లాంటిది. అదే ఒక్క యంత్రాన్ని పట్టుకుని వందల పోర్టులు తడితే మాత్రం అక్కడ ఆసక్తి నీ మీదే. జీమ్యాప్‌ని ఏమీ మార్చకుండా వాడితే ప్యాకెట్ మీద ఐపీ ఐడీ అనే గుర్తింపు అంకె దగ్గర 54321 కనిపించేది. మిరాయ్ తట్టుడుకి ఇంకా స్పష్టమైన గుర్తు ఉంది, టీసీపీ సీక్వెన్స్ నంబరు (ప్యాకెట్ల వరస అంకె), చేరాల్సిన ఐపీ చిరునామా రెండూ ఒకటే అంకె అయి ఉంటాయి. ప్యాకెట్లు పట్టి చూపించే టీసీపీడంప్‌లో మొదటిసారి దాన్ని నేను సొంతంగా లెక్కవేసి సరిచూసుకున్నప్పుడు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. అలాగే మనం అడగకుండానే ఎస్‌వైఎన్-ఏసీకే ప్యాకెట్లు వచ్చిపడుతుంటే అది స్కాన్ అనుకోవద్దు. ఎవరో ఇంకెవరి మీదో దాడి చేస్తూ దొంగ చిరునామాలు వాడుతున్నారు, వాటిలో మనదీ ఒకటి పడింది, బాధితుడి జవాబులు మన గుమ్మంలో పడుతున్నాయి.

కష్టమైనవి నెమ్మదిగా వచ్చేవి. ఎన్‌మ్యాప్‌లో అన్నిటికన్నా నిదానమైన పద్ధతి ఎంచుకుంటే ఒక్కో తట్టుకీ మధ్య 5 నిమిషాలు ఆగుతుంది. నిమిషంలో ఇన్ని పోర్టులు తడితే హెచ్చరించు అని పెట్టిన నియమానికి అది ఎప్పటికీ చిక్కదు. అందుకే నేను వారానికోసారి లాగ్ మొత్తాన్ని చిరునామాల వారీగా కూడబెట్టి, ఒక్కో చిరునామా మొత్తం మీద ఎన్ని వేరువేరు పోర్టులు తట్టిందో లెక్కవేస్తాను. రోజుకి పదిహేను చొప్పున వారమంతా తట్టినవాడు ఏ రోజుకారోజు కనపడడు, ఈ లెక్కలో మాత్రం పైకి తేలతాడు.

లోపలి నుంచి వచ్చేవాటికి మాత్రం నా దగ్గర ఈ ఓపికలేవీ ఉండవు. వేబ్రిడ్జి కంప్యూటర్‌కి సర్వర్‌తో పని ఉంటుంది, ప్రింటర్‌తో పని ఉంటుంది. డీవీఆర్‌తో, ఎకౌంట్స్ కంప్యూటర్ 445వ పోర్టుతో దానికేం పని? 2017 మే 12న ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వచ్చినప్పుడు అది పాకింది ఆ 445 మీదుగానే. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ దానికి ప్యాచ్ ఇచ్చి అప్పటికి రెండు నెలలు. లోపలి స్కాన్‌కి ఇంకో ఆనవాలు ఏఆర్‌పీ, అంటే ఫలానా చిరునామా ఎవరిదని నెట్‌వర్క్‌లో అందరినీ అడగడం. టీసీపీడంప్ పెట్టి చూస్తే, 192.168.1.2 ఎవరు, 192.168.1.3 ఎవరు, 192.168.1.4 ఎవరు అని ఒకే యంత్రం వరసగా 254 దాకా అరుస్తూ పోతుంది. తెర మీద ఆ అంకెలు మెట్లెక్కినట్టు ఎక్కుతూ ఉంటాయి. ఒకసారి చూస్తే మర్చిపోలేరు.

అయితే ఇందులోనూ తొందరపడకూడదు. ఇంకోచోట ఇలాగే మెట్లెక్కే అంకెలు చూసి టెన్షన్ పడిపోయి ఆఫీసంతా ఇంటర్నెట్ ఆపించాను. తీరా చూస్తే కొత్తగా కొన్న ప్రింటర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్, తన ప్రింటర్ ఎక్కడుందోనని ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరాల వివరాలు అడిగే పద్ధతి) 161వ పోర్టు మీద అందరినీ అడుగుతోంది. కొన్ని యాంటీవైరస్‌లు కూడా వైఫైలో ఎవరెవరున్నారో చూస్తామంటూ ఇదే పని చేస్తాయి. ఫోన్లు, టీవీలు 1900, 5353 పోర్టుల మీద ఒకరినొకరు పలకరించుకుంటూనే ఉంటాయి. అందుకే ప్రతిచోటా మొదటి వారం ఏమీ ఆపకుండా, మామూలు రోజున ఎవరు ఎవరితో మాట్లాడతారో రాసుకుంటాను. ఆ నోట్‌బుక్కు ఉంటే ఆరోజు ఆఫీసు ఆపాల్సిన అవసరం వచ్చేది కాదు.

కోల్డ్ స్టోరేజీలో ఇప్పుడు బయటికి ఏ పోర్టూ తెరిచి లేదు. రిపేర్లకి రావాలన్నా, ఓనర్ గారు కెమెరాలు చూడాలన్నా వీపీఎన్ (లాగిన్ అయితేనే తెరుచుకునే రహస్య దారి) ద్వారానే. ప్రింటర్, డీవీఆర్ వేరే నెట్‌వర్క్‌లోకి వెళ్లాయి. ప్రతి కంప్యూటర్‌లో ఫైర్‌వాల్ లాగ్ ఆన్ చేశాను. గోడ మీది రాస్‌బెర్రీ పైకి ఇంకో పని అప్పజెప్పాను. లోపలి చిరునామా ఏదైనా ఒక నిమిషంలో ఆ బుల్లి కంప్యూటర్‌లో మూసిన ఐదు పోర్టుల్ని తడితే నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఇప్పటిదాకా రెండుసార్లు మోగింది, రెండుసార్లూ నేను పరీక్ష చేస్తున్నప్పుడే.

మొన్న జూన్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్ల మనిషి ఒకాయన వచ్చి, వీపీఎన్‌తో ఆలస్యమవుతోంది, పాత పోర్టు ఒక్కటి మళ్లీ తెరుస్తానని రౌటర్ దగ్గరికి వెళ్లాడట. గుమాస్తా గారు బీరువాలోంచి ఆ నాలుగు కాగితాలు తీసి ఆయన ముందు పెట్టారట. "ఇవి మా ప్రింటర్ కొట్టినవి బాబూ. అమ్మాయి వచ్చేదాకా దాన్ని ముట్టుకోకు" అని చెప్పి, కాఫీ ఇప్పించి కూర్చోబెట్టి నాకు ఫోన్ చేశారు.